వీధి మధ్య నుంచి నియోజకవర్గం గీత: కోర్టుకు వెళ్లవచ్చా?

ప్రశ్న: నార్త్ కరోలినాలో రాలీ శివారులో ఉంటున్నాం. అమెరికా పౌరసత్వం వచ్చింది. మా వీధికి అటువైపు ఇళ్లు ఒక అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) నియోజకవర్గంలో, మా ఇళ్లు మరో దానిలో ఉన్నాయి. ఒక పార్టీని గెలిపించడానికే ఇలా గీశారట. కేసు వేయవచ్చా?

జవాబు: మీ ఆవేదన న్యాయమైనదే. కానీ పార్టీ లాభం కోసం గీశారన్న ఒక్క కారణంతో వేసే కేసు ఈరోజు నిలవదు. అది రాజకీయ ప్రశ్న, ఫెడరల్ (కేంద్ర) కోర్టులు తేల్చేది కాదని 2019లో రూచో కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో తీర్పు చెప్పింది. ఆ కేసు వెళ్లింది మీ రాష్ట్రం నుంచే. జాతిని బట్టి గీశారని రుజువు చేయగలిగితే దారి వేరు, కానీ ఆ రుజువు చాలా కష్టం.

మన దగ్గరలా పునర్విభజన కమిషన్ మీకు లేదు. శాసనసభే గీస్తుంది, గవర్నరుకు వీటో కూడా లేదు. ఎదుటి పార్టీ వైపున్న శివారు ఓటర్లను ముక్కలు చేసి దూరపు పల్లెలతో కలపడం, మిగిలినవారిని నగరంలో ఒకే నియోజకవర్గంలో కుక్కడం వాళ్ల పద్ధతి. 2022లో రాష్ట్ర సుప్రీంకోర్టు దీన్ని కొట్టేసింది. కోర్టు ఆమోదించిన పటంతో ఆ ఏడాది రెండు పార్టీలకూ ఏడేసి సీట్లు వచ్చాయి. అదే నవంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ఎన్నికతో కోర్టులో మెజారిటీ డెమోక్రాట్ల నుంచి రిపబ్లికన్లకు మారింది. 2023 ఏప్రిల్‌లో తీర్పు తిరగబడింది. కొత్త పటంతో 2024లో రిపబ్లికన్లకు 10, డెమోక్రాట్లకు 4. అదే రోజు అదే ఓటర్లు డెమోక్రాట్ గవర్నరును గెలిపించారు. ఆ ఎన్నికకు రాష్ట్రమంతా ఒకటే నియోజకవర్గం మరి.

రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ఎన్నికా అంతే, అందులో ఎవరూ గీత గీయలేరు. బ్యాలట్‌లో బాగా కింద ఉండే ఆ పేర్లను చాలామంది వదిలేస్తారు. దయచేసి మీరు వదలకండి. 2024లో రాష్ట్ర సుప్రీంకోర్టు స్థానం ఒకటి 55 లక్షలకు పైగా ఓట్లలో 734 తేడాతో తేలింది. ఓడిన అభ్యర్థి 60 వేలకు పైగా ఓట్లు చెల్లవన్నారు. వాటిలో ఎక్కువ, నమోదు రికార్డులో డ్రైవింగ్ లైసెన్సు నంబరు గానీ సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ గుర్తింపు) నంబరు చివరి నాలుగు అంకెలు గానీ కనిపించనివి. 2025 మే దాకా ఆ వివాదం నడిచింది. చివరికి ఆ ఓట్లు నిలిచాయి.

కోర్టు ఖర్చులకు దాచిన డబ్బు దాచుకోండి. ఈ వారమే మీ కౌంటీ ఎన్నికల కార్యాలయానికి ఫోను చేసి, ఇంట్లో ఓటున్న ప్రతి ఒక్కరి రికార్డులో ఆ అంకెలు ఉన్నాయో లేదో అడగండి.