బజారు చేసుకుని, వంట ముగించి

అమ్మాయీ,

నువ్వు చూడమని పంపిన టీచరమ్మ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదో కాదో చూసుకుందామని మళ్ళీ చదివాను. న్యాయమైనదే. నాలుగో పేజీలో ఇలా రాశావు: "బడి నుంచి వస్తూ బజారు చేసుకుని, వంట ముగించి, టీచరమ్మ పేపర్లు ముందేసుకుంది." ఆ వాక్యం కింద ఎర్ర ఇంకుతో గీత గీశాను. ముప్పై నాలుగేళ్ళు ఆ మూడు పనులూ చేసినదాన్ని నేను. బడి విడిచిన దగ్గర్నుంచి రాత్రి అన్నాలు అయ్యేదాకా అయిదు గంటలు పడుతుంది. ఆ అయిదు గంటల్నీ ఒక్క గుక్కలో మింగేసి, సెప్టెంబర్ 5న వేదిక మీద ఆవిడ చేసిన ఉపన్యాసానికి మాత్రం మూడు పేజీలు ఇచ్చావు.

ముందు ఒక తప్పు సంగతి చెప్పేస్తాను. నీ టీచరమ్మ పదో తరగతి పబ్లిక్ పరీక్ష పేపర్లు ఇంట్లో దిద్దుతూ తన శిష్యుడి చేతిరాత గుర్తుపడుతుంది. అలా జరగదమ్మా. ఆ పేపర్లు ఇంటి గడప తొక్కవు. స్పాట్ వాల్యుయేషన్ క్యాంపుకి మనమే వెళ్ళి, సూపర్‌వైజర్ల కళ్ళెదుట దిద్దాలి. మా రోజుల్లో రోజుకి 40 పేపర్లు. అవి కూడా వేరే జిల్లావి, పేరూ నంబరూ తీసేసి కోడ్ వేసినవి. ఇంటికి వచ్చేవి యూనిట్ టెస్టు పేపర్లు, హోంవర్కు నోట్సులు. వాటిలో అయితే పేరు చూడక్కర్లేదు. 'త' ఒత్తు ఎవరు ఎటు తిప్పుతారో, 'ఖ' రాయమంటే ఎవరు 'ఘ' రాస్తారో మనకి తెలిసిపోతుంది. నీ మలుపు అక్కడ పెట్టుకో, నిలబడుతుంది.

నీ కథ చెత్తబుట్టలో వేయకుండా నన్ను ఆపింది ఒకే ఒక్క చోటు. ఆవిడ బీరకాయ చివర కోసి, చేదు ఉందేమోనని ముక్క కొరికితే, నాలుకకి సుద్దముక్క రుచి తగులుతుంది. చేతులు కడుక్కున్నా గోటి సందుల్లో మిగిలిన సుద్ద. అది చదివి కాసేపు కాగితాలు పక్కన పెట్టాను. ఇది నువ్వు ఎక్కడో చూసి ఉండాలి, లేదా మీ అమ్మగారి చేతులు చూసి ఉండాలి. ఊహించి రాసింది కాదు. మరి అంత చూసినదానివి, వెంటనే వంటింట్లోంచి ఎందుకు పారిపోయావు?

ఈ ఒక్క మాట కోసమే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. టీచరు జీవితం మూడు గదులు కాదు. బడి ఒక గది, బజారు ఒక గది, వంటిల్లు ఒక గది అని తలుపులు వేసుకుంటూ రాస్తే మనిషి చచ్చిపోతుంది, పాత్ర మిగులుతుంది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది కదా, దాని షెడ్యూలులో టీచరుకి వారానికి కనీసం 45 పని గంటలు అని ఉంది, పాఠం తయారీ కూడా అందులో కలిపే. ఆ తయారీ ఎక్కడ జరుగుతుందో చట్టంలో లేదు. అది నువ్వు రాయాలి. కుక్కర్ రెండో విజిల్‌కీ మూడో విజిల్‌కీ మధ్య జరుగుతుంది. రేపు భిన్నాలు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ దోసకాయ కోస్తుంటే, చేతిలో ఉన్న చెక్కే పాఠం అవుతుంది. మర్నాడు నేను నిజంగానే దోసకాయ పట్టుకెళ్ళి నాలుగో తరగతికి చెప్పాను.

బడి వైపు నుంచి కూడా అంతే. మా ఊళ్ళ బళ్ళలో 2003 నుంచి మధ్యాహ్న భోజనం వండిపెట్టడం మొదలైంది. ప్రాథమిక బడిలో పిల్లవాడికి రోజుకి బియ్యం 100 గ్రాములు. పొద్దున్న హాజరు వేయగానే ఆ రోజు లెక్క కట్టి తూచి ఇవ్వాలి. 37 మంది వస్తే మూడు కిలోల ఏడు వందల గ్రాములు, రిజిస్టరులో రాసి సంతకం. వంట ఏజెన్సీ ఆవిడ ఎదురుగా నిలబడి త్రాసు ముల్లు వంకే చూస్తూ ఉండేది. తక్కువ పడితే అన్నం చాలక మాట పడేది ఆవిడే మరి. పప్పు పలచబడితే పిల్లలు నా మొహం చూసేవాళ్ళు. సాయంత్రం ఇంటికొచ్చి నలుగురికి బియ్యం పోసేటప్పుడు, గ్లాసు పట్టుకున్న చెయ్యి ఆ లెక్కే వేసేది. ఎవరు రాలేదు ఇవాళ, ఎవరు రెండోసారి పెట్టించుకున్నారు, ఎవడు అన్నం పొట్లం కట్టుకుని చెల్లికి తీసుకెళ్ళాడు అని. ఎసట్లో బియ్యం వేస్తూ వేస్తూ వాళ్ళ మొహాలే. నువ్వు "పిల్లలకి భోజనం పెట్టించింది" అని మూడు మాటల్లో దాటేశావు.

బజారు సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే ఆ విషయంలో నా మనసులో ముల్లు ఒకటి ఉండిపోయింది.

నేను పనిచేసిన ఊళ్ళో సంతలో ఆకుకూరలు అమ్మే ఒకావిడ కొడుకు నా క్లాసులోనే ఉండేవాడు. ఆ రోజు లెక్కల్లో వాడికి పాతికకి నాలుగు వేశాను. ఆ పేపర్ల కట్ట నా సంచిలో అడుగున ఉంది. పైన ఆవిడ తోటకూర పెట్టింది. బేరం ఆడదామంటే నోరు రాదు. డబ్బులిచ్చాక కొసరుగా కొత్తిమీర కట్ట ఒకటి చేతిలో పెట్టి, "మావాడు ఎట్లా చదువుతున్నాడు టీచరమ్మా?" అంది. కొసరు చేతిలో ఉంది. ఏం చెప్పను? "బాగానే చదువుతున్నాడు" అన్నాను. ఇంటికొచ్చి చూస్తే తోటకూర తడి దిగి పై పేపరు మీద ఎర్ర సిరా పాకింది. ఆ కొత్తిమీరే చారులో వేశాను. ఆ అబద్ధం చారు కాగినంతసేపూ నా పక్కనే నిలబడింది. మర్నాడు వాణ్ణి గంట ముందు రమ్మని కూర్చోబెట్టి తీసివేతలు మొదటినుంచీ చెప్పాను.

దాన్ని కథ చేసి, తిరుగు స్టాంపులు అంటించి, ఒక వారపత్రికకి పంపాను. వేశారు. వేసే ముందు సంత మొత్తం కత్తిరించి, ఆ చోట "కూరగాయలు కొని" అని రెండు మాటలు పెట్టారు. చారు కూడా పోయింది. అడిగితే కార్డు వచ్చింది, వంటింటి వివరాలు కథ నడకని కుంటుపరుస్తాయని. అచ్చులో నా టీచరు ఏ కారణమూ లేకుండా మర్నాడు ముందే వచ్చి పాఠం చెప్పే ఆదర్శమూర్తి అయి కూర్చుంది. ఆవిడ అబద్ధం చెప్పింది, అందుకు వచ్చింది. ఆ అబద్ధం సంతలో పుట్టింది. సంత తీసేశాక ఇంకేం కథ? ఇన్నేళ్ళయినా ఆ కోపం తగ్గలేదు, తగ్గాల్సిన పని కూడా లేదు.

సంపాదకులకి టీచరు ఆగస్టు చివర్లో గుర్తొస్తుంది. రాధాకృష్ణన్ గారి పుట్టినరోజుని 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవంగా చేసుకుంటున్నాం, మంచిదే. కానీ ఆ ప్రత్యేక సంచికల కోసం అడిగే కథ ఎప్పుడూ ఒకటే. పాత శిష్యుడు కలెక్టరై కారు దిగి కాళ్ళకి దండం పెట్టాలి. టీచరు కొవ్వొత్తిలా కరగాలి. నువ్వు కూడా అదే రాశావు, వాళ్ళు వేసుకుంటారని తెలిసే రాశావు. నా క్లాసులో చదివినవాళ్ళలో ఒకడు లారీ నడుపుతాడు, ఒకమ్మాయి అంగన్‌వాడీలో ఆయా. బస్సులో కనిపిస్తే లేచి సీటు ఇస్తారు, పక్కన నిలబడి కూరగాయల ధరలు మాట్లాడతారు. నాకు గర్వంగా ఉంటుంది.

రాయడానికి టైము దొరకడం లేదని వాపోయావు. నా మొదటి కథలన్నీ గ్యాస్ పొయ్యి గట్టు మీద, పాత ప్రశ్నపత్రాల వెనక వైపు రాశాను. స్పాట్ క్యాంపు రోజుల్లో, ఏప్రిల్ ఎండలో నలభై పేపర్లు దిద్ది వచ్చి, పిల్లలకి అన్నం పెట్టి, మెడ నొప్పి పెడుతుంటే నాలుగు లైన్లు రాసేదాన్ని. ఆ నాలుగు లైన్లలో ఎక్కువగా ఆ రోజు పనే ఉండేది. వేరే సరుకు నా దగ్గర లేదు. నీకూ అక్కర్లేదు.

కలం పేరు గురించి అడిగావు, ఆ సంగతి తర్వాత చూద్దాం.

నీ ప్రతి తిరిగి పంపుతున్నాను. ఎర్ర గీత ఉన్న చోట మొదలుపెట్టి, బడి గేటు దగ్గర్నుంచి పేపర్ల దాకా ఆవిడ వెంట నడువు. సంచిలో ఏముంది, ఏది పైన, ఏది కింద? చిల్లర ఎవరు ఇచ్చారు? పొయ్యి మీద ఏది ముందు ఎక్కింది, అది ఉడికేలోపు ఎవరి నోట్సు తెరిచింది? ఉపన్యాసం మొత్తం తీసెయ్. బీరకాయ మాత్రం ముట్టుకోకు. రాశాక మీ అమ్మగారికి చదివి వినిపించు, ఆవిడ ఎక్కడ అడ్డుపడి "అట్లా కాదే" అంటుందో అక్కడ గుర్తు పెట్టుకుని సరిచేసి నాకు పంపు. చేత్తో రాసినా ఫర్వాలేదు. ఎడమవైపు మార్జిన్ వదులు, నాకు రాసుకోవడానికి చోటు కావాలి.

ఆశీస్సులతో,
టీచరమ్మ