పోలీసులమని చెప్పి తీసుకెళ్తే మిస్సింగ్ కంప్లైంట్ ఎందుకు రాయాలి?

ప్రశ్న: మాది కావలి పక్కన పల్లె. మా తమ్ముడు రొయ్యల గుంటల కాడ పని చేస్తాడు. బుధవారం రాత్రి మఫ్టీలో నలుగురొచ్చి పోలీసులమని చెప్పి కారెక్కించుకుని పోయినారంట, టీకొట్టాయన చూశాడు. ఫోన్ స్విచ్ఛాఫ్. స్టేషన్‌కి పోతే మేం తీసుకురాలేదు, మిస్సింగ్ కంప్లైంట్ రాసియ్యమంటుండారు. అమ్మ అన్నం ముట్టడంలేదు. యాడికి పోయి ఎవర్ని అడగాల?
- ఒక అక్క, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, ఆ మిస్సింగ్ కంప్లైంట్ మీద మాత్రం సంతకం పెట్టొద్దు. "కనపడ్డంలేదు" అని రాసిస్తే రేపు కోర్టులో కూడా ఇల్లొదిలి పోయినాడనే అంటారు. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎక్కడ, పోలీసులమని చెప్పుకున్న ఎంతమంది ఎట్లా లాక్కెళ్లారో మీ మాటల్లోనే రాయండి. వాళ్లు నిజంగా పోలీసులా కాదా తేల్చాల్సింది మీరు కాదు, దర్యాప్తు. తీసుకోకపోతే అదే కాగితం ఎస్పీ గారికి రిజిస్టర్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

ఎవర్ని అరెస్టు చేసినా 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ ఆర్టికల్ చెప్తోంది, ఎప్పుడు ఎక్కడ పట్టుకున్నారో చెప్పే అరెస్టు మెమో రాయాలి, ఇంట్లోవాళ్లకి చెప్పాలి అని 1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, ఇవేవీ జరగలేదు కాబట్టి ఆలస్యం చేయకుండా అమరావతిలో హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందుకి తెమ్మని అడిగే పిటిషన్, వేయించండి. తమ్ముడు యాడున్నాడో మీకు తెలియకపోయినా వేయొచ్చు. లాయర్ ఫీజుకి భయపడొద్దు, ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, 15100కి ఫోన్ చేయండి.

ఇక టీకొట్టాయన. ఆయన చూసింది అఫిడవిట్‌గా రాయించండి, ఎదురుషాపులో సీసీ కెమెరా ఉంటే ఈరోజే కాపీ అడగండి, కొద్దిరోజుల్లో పాత వీడియో మీద కొత్తది ఎక్కేస్తుంది. చూసినవాళ్ల మాటకి ఎంత బలముందో చెప్తా. 1982లో మణిపూర్‌లో ఇద్దర్ని ఆర్మీవాళ్లు క్యాంపుకి తీసుకెళ్లారు, మళ్లీ ఇంటికి రాలేదు, ఆర్మీ ఏమో మేం వదిలేశాం వెళ్లిపోయారంది. సుప్రీంకోర్టు నమ్మలేదు, వాళ్లు ప్రాణాలతో ఆఖరుసారి కనపడింది ఆ క్యాంపులోనే అని సాక్ష్యం బట్టి తేల్చి, 1984లో ఇద్దరి భార్యలకీ చెరో లక్ష ఇప్పించింది. మనుషులు మాత్రం రాలేదమ్మా, అందుకే మిమ్మల్ని ఇంత తొందరపెడుతున్నా.

మానవ హక్కుల కమిషన్‌కి కూడా రాయొచ్చు, ఏడాదిలోపు రాయాలి. కమిషన్ రిపోర్టులు తెప్పించుకుంటుంది, కావాలంటే సొంత దర్యాప్తు విభాగాన్ని పంపిస్తుంది, కానీ అది నిదానం, ముందు కోర్టే. మనిషిని ఇట్లా మాయం చేయడాన్ని ప్రత్యేక నేరంగా చెప్పే చట్టం మనకి ఇప్పటికీ లేదు, ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద 2007లో సంతకం పెట్టి ఆమోదించకుండా వదిలేశారు, ఇది చాలా అన్యాయం.

ఇంకోటి. పిటిషన్ పడిందని తెలియగానే ఎక్కడో ఏదో కేసులో "ఈరోజే పట్టుకున్నాం" అని అరెస్టు చూపిస్తారు ఒక్కోసారి. అట్లా జరిగితే లాయర్‌తో కోర్టుకి పోండి, బుధవారం రాత్రే తీసుకెళ్లారని తమ్ముడి చేతే మేజిస్ట్రేట్‌కి చెప్పించండి, ఒంటిమీద దెబ్బలుంటే చూపించి రికార్డు చేయమని అడగండి.