గోండి గొంతులు రికార్డు చేసే ముందు

అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

గోండి మాట విని అర్థం చేసుకునే ఏఐ తయారు చేస్తున్నామని, సంక్రాంతి వెళ్లగానే మీ టీమ్ ఉట్నూరు వైపు వస్తోందని రాశావు. చాలా సంతోషం. ఇరవై ఏళ్లు ఆ గూడేల్లో పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను.

రాగానే మైకు బయటికి తీయకు. ముందు గూడెం పెద్ద, అంటే పట్లాను కలువు, రాం రాం చెప్పి కూర్చో. ఒక్కొక్కరి చేత ఫారం మీద సంతకం పెట్టించుకుంటే అనుమతి వచ్చినట్టు కాదమ్మా. కొన్ని మాటలు ఒక్కరి సొత్తు కావు, ఆ ఇంటిపేరు వాళ్లందరివీ. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఒకసారి గోండుల కథలు పాడే ప్రధాన్ తెగ పెద్దాయన ఒకరు కిక్రీ అనే తీగల వాద్యం వాయిస్తూ పాడిన కథను టేపులో ఎక్కించుకున్నాను. ఆయన సరేనన్నాకే. దాన్ని పట్నంలో ఒక సభలో వినిపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నెల తర్వాత వెళ్తే ఆయన తల ఎత్తలేదు. కిక్రీ తీగ బిగించుకుంటూనే, "అది వాళ్ల పెర్సపేన్ ముందు పాడేది సార్. మీ సభలో ఆ దేవుడున్నాడా?" అన్నాడు. పెర్సపేన్ అంటే ఆ కథ ఏ ఇంటిపేరు వాళ్లదో వాళ్లందరి పెద్ద దేవుడు. టేపు ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను. నేను అడగాల్సింది పాడినాయన్ని ఒక్కణ్ణే కాదు.

న్యూజిలాండ్ మూలవాసులు మావోరీల సంగతి నువ్వు తప్పకుండా చదవాలి. కైటాయా ఊళ్లో వాళ్ల రేడియో సంస్థ తె హికు మీడియా 2018లో పిలుపిస్తే, పది రోజుల్లో 300 గంటలకు పైగా వాక్యాలు చదివి రికార్డు చేసి ఇచ్చారు జనం. ఏళ్లుగా తమ భాషలో పలికే రేడియో అడిగింది కాబట్టే అంత నమ్మకంగా ఇచ్చారని నా ఉద్దేశం. ఆ డేటా కోసం బయటి కంపెనీ వస్తే వాళ్లు ఇవ్వలేదు. తమ లైసెన్సుకు కైతియాకితంగా అని పేరు పెట్టుకున్నారు. కనిపెట్టుకుని ఉండటం అని దానర్థం, సొంతం చేసుకోవడం కాదు. మీ కాగితాల్లో "రికార్డింగులన్నీ కంపెనీవే" అన్న వాక్యం ఉంటే, బయల్దేరక ముందే మీ మేనేజర్‌తో పోట్లాడి తీయించు.

లిపి కూడా మీరే తేల్చేయకండి. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌కెక్కింది, అంటే కంప్యూటర్లు, ఫోన్లు గుర్తుపట్టే అక్షరాల పట్టికలో చేరింది. బడి పిల్లలకేమో తెలుగు అక్షరాలు అలవాటు. ఏది కావాలో వాళ్లే చెప్పాలి. అసలు ఈ ఏఐ దేనికి పనికి రావాలో కూడా అడుగు. ఆస్పత్రిలో నొప్పి ఎక్కడో డాక్టరుకు గోండిలో చెప్పుకోలేక అవస్థపడిన ముసలమ్మలను నేను చూశాను.

ఇంకో మాట. పుష్య అమావాస్యకు అందరూ కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్తారు. ఆ రోజుల్లో రికార్డింగు పెట్టుకోవద్దు. వస్తే జాతరకు రా, మైకు మా ఇంట్లో వదిలేసి వెళ్దాం.

ఇట్లు
మామయ్య