‘ఆబ్సొలెస్’ అనే క్రియ ఉంది, కానీ అందరూ దాన్ని తప్పు చోట వాడుతున్నారు

ఇంగ్లిష్‌లో ‘ఆబ్సొలెస్’ అని నిజంగా క్రియ ఉందా, ఎలా వాడాలి అని అడిగారు. ఉంది, లాటిన్ నుంచి వచ్చింది. కాకపోతే అది ఎక్కువగా అకర్మకం, అంటే వస్తువు దానంతట అదే పాతబడుతున్నట్టు చెబుతుంది. నా అభ్యంతరమంతా అక్కడే.

మా ఆఫీసులో లేజర్ ప్రింటర్ ఒకటి ఉండేది. కంప్యూటర్లు మార్చాక కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కి దాని డ్రైవర్, అంటే ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, దొరకలేదు. సర్వీసు చేసే ఆయన వచ్చి, మూత కూడా తెరవకుండా, “ఇది ఆబ్సొలీట్ అయిపోయిందండీ, కొత్తది తీసుకోండి” అన్నాడు. నేను ప్యానెల్ మీద బటన్ నొక్కి పట్టుకుంటే టెస్ట్ పేజీ వచ్చింది. కాగితం ఇంకా వెచ్చగానే ఉంది, చిన్న అక్షరాలు కూడా ఎక్కడా చెదరలేదు, అంచు గీతలు తిన్నగా ఉన్నాయి. అలాంటి మెషిన్ ‘అయిపోవడం’ ఏమిటి? డ్రైవర్ రాయడం మానేసి కంపెనీవాళ్లు చేసిన పని అది! ఏ భాగమూ అరగకుండానే దాన్ని తుక్కులో వేశాం, నాకు ఇప్పటికీ కోపమే.

అందుకే నాకు ‘ఆబ్సొలీట్’ని సకర్మక క్రియగా, అంటే ఫలానావాళ్లు ఫలానాదాన్ని పాతదాన్ని చేశారని చెప్పేలా, వాడటమే నచ్చుతుంది. బళ్లో విశేషణమనే నేర్పారు గానీ ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాల్లో అది క్రియే. ఈమెయిల్ ఫార్మాట్ గురించి 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5322 అనే పత్రం మొదట్లోనే ‘ఆబ్సొలీట్స్: 2822’ అని ఉంటుంది, అంటే 2822 నంబరు పాత పత్రం స్థానంలో ఇది వచ్చిందని. ఏది దేన్ని పక్కకు నెట్టిందో దాపరికం లేదు.

‘ఆబ్సొలెసెంట్’ మాత్రం మంచి మాట, ఇంకా పోలేదు, పోయే దారిలో ఉందని ముందే చెబుతుంది. సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఇన్‌పుట్ నుంచి ఒక లైను చదివే గెట్స్ ఫంక్షన్‌ని, ఎంత ఇన్‌పుట్ వస్తుందో చూసుకోదు కాబట్టి, ముందు ఆబ్సొలెసెంట్ అన్నారు, 2011 ప్రమాణంలో తీసేశారు. పద్ధతంటే అదీ. ఎప్పుడో తీసేసిన వాటిని కూడా ‘డెప్రికేటెడ్’, అంటే ఇంకా ఉంది గానీ వాడొద్దు, అని రాసేవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది, దాన్ని నమ్మి అప్‌గ్రేడ్ చేసినవాడి ప్రోగ్రామ్ కంపైల్ కాదు.

కాబట్టి ఒక ఫోన్‌కి అప్‌డేట్లు ఆగిపోతే అది ఆబ్సొలెస్ అయిందని రాయకండి, ఆపిన కంపెనీని కర్తగా పెట్టి ఆబ్సొలీట్ చేసిందని రాయండి. ఎవరూ నిర్ణయించకుండానే జనం నోట్లోంచి జారిపోయే పాత మాటలు, పలకరింపులు ఉంటాయి చూశారా, ఆబ్సొలెస్‌ని వాటికి వాడండి.