ఉత్తరం అంటే జవాబే అయితే, మొదటి ఉత్తరం మాటేమిటి?

సందేహం: మా అమ్మాయి పరీక్షలో ‘నీ ఉత్తరం అందింది. ప్రతి ఉత్తరం రాయడం ఆలస్యమైంది’ అని రాస్తే, ‘ఉత్తరం’ కొట్టేసి ‘లేఖ’ అని దిద్దారు. ఉత్తరం అంటే సమాధానం కాబట్టి ఎవరూ అడగకుండా మనమే రాసినదాన్ని అలా అనకూడదట. నిజమేనా? జాబు, టపా, తపాలా అనేవి ఎక్కడెక్కడ వాడాలో కూడా చెప్పండి.

సమాధానం: ఉత్తరం అనడం తప్పు కాదు. మాట సంస్కృతానిదే అయినా, రాసి పంపిన కాగితం అనే అర్థం తెలుగు వాడుకలో స్థిరపడింది. సంస్కృతంలో గానీ, హిందీలో గానీ ఆ అర్థం లేదు. లేదు కదా అని తెలుగులో ఉన్నదాన్ని కొట్టేయడం అన్యాయం.

ఈ అర్థం ఎలా వచ్చిందో తెలియాలంటే దీని పక్కన జాబును పెట్టి చూడాలి. జాబు అనేది అరబీ నుంచి పారసీ మీదుగా వచ్చిన ‘జవాబు’కు పొట్టి రూపం. మరాఠీలో ‘జాబ్ విచారణే’ అంటే సంజాయిషీ అడగడం, అంటే ఆ పొట్టి రూపానికి అక్కడ ఇప్పటికీ జవాబనే అర్థం. తెలుగులో మాత్రం రెండు రూపాలూ పని పంచుకున్నాయి: నిండు రూపం సమాధానానికి, పొట్టి రూపం కాగితానికి. ఉత్తరం, జాబు ఒకదానికొకటి సంబంధంలేని భాషల నుంచి వచ్చాయి. రెండింటికీ మూలార్థం ఒకటే, తెలుగులో చేరిన చోటూ ఒకటే. ఇది యాదృచ్ఛికమని నేననుకోను. ఇద్దరి మధ్య రాకపోకలు సాగుతున్నప్పుడు మొదటిది ఒక్కటే అడగకుండా రాసింది. తర్వాతవన్నీ ముందుదానికి సమాధానాలే. ఎక్కువగా ఉన్నవాటి పేరే అన్నింటికీ పేరైంది. ఉత్తర్వు కూడా ఈ కుటుంబంలోదే: అర్జీకి పైనుంచి వచ్చే సమాధానం ఆజ్ఞే కదా.

పాత అర్థం పూర్తిగా పోలేదు. ‘నిరుత్తరుడయ్యాడు’ అంటే జవాబు చెప్పలేకపోయాడని. ఉత్తరాలు రాలేదని ఎవరూ అనుకోరు. ఏ అర్థమో పక్కనున్న క్రియ తేల్చేస్తుంది. రాయడం, వేయడం, అందడం, చింపి చూడడం ఉంటే కాగితం. ‘ఉత్తరమిచ్చాడు’ అని కావ్యభాషలో ఉంటే సమాధానం. ‘ఉత్తరాన’, ‘ఉత్తరాది’ వస్తే దిక్కు. ‘ఊరికి చేరగానే ఉత్తరం వేయి’ అన్నప్పుడు ఆ ఒక్క ‘వేయి’లో రాయడమూ, డబ్బాలో వేయడమూ రెండూ ఉన్నాయి. ‘లేఖ వేయి’ అని ఎవరైనా అంటారా?

మీ అమ్మాయి వాక్యంలో దిద్దవలసింది వేరే ఉంది, దాన్ని వదిలేశారు. ‘ప్రతి ఉత్తరం’ అని విడదీసి రాస్తే ‘ఒక్కొక్క ఉత్తరమూ’ అని అర్థం. బదులుగా రాసింది ‘ప్రత్యుత్తరం’. ఇది సంస్కృతంలోనే ఉన్న మాట. ఉత్తరం కాగితానికి పేరైపోయాక, దానికి వచ్చే సమాధానాన్ని వేరు చేసి చెప్పడానికి తెలుగులో బాగా పనికొచ్చింది. ప్రతి + ఉత్తరం, యణాదేశ సంధి: ఇకారం పోయి యకారం వస్తుంది, తకారం కింద యావత్తు. తకారాన్ని రెట్టించి ‘ప్రత్త్యుత్తరం’ అని రాయడం ఇంకో పొరపాటు. ‘ప్రతి ఉత్తరానికీ ప్రత్యుత్తరం రాశాను’ అనే వాక్యం పిల్లల చేత ఒకసారి రాయిస్తే తేడా మరిచిపోరు.

లేఖ అంటే రాయబడినది. బహిరంగ లేఖ, రాజీనామా లేఖ, శుభలేఖ – ఇక్కడ దాన్ని కదపలేం. అయినవాళ్లకు రాసుకునేదానికి ఉత్తరమే హాయి. జాబు పలుకుబడి నాకు చాలా ఇష్టం, కానీ ఇప్పుడు ఉద్యోగాన్ని కూడా ‘జాబు’ అని రాస్తున్నారు. ‘జాబు వచ్చింది’ అంటే ఏది వచ్చినట్టు? ఉద్యోగాన్ని ఉద్యోగమనే అంటే ఈ చిక్కు ఉండదు.

ఇక ఉత్తరాలను మోసే ఏర్పాటు. దాని పేర్లన్నీ మజిలీల చుట్టూ తిరుగుతాయి. వార్తాహరుడు కొంత దూరం పరుగెత్తి సంచిని ఇంకొకరి చేతికి అందించేవాడు. ఆ మజిలీ అంచె. కన్నడంలో ఇప్పటికీ తపాలాను అంచె అనే అంటారు, తమిళంలో అంజల్ అంటారు. మనం తపాలా అర్థాన్ని వదిలేసి ‘అంచెలంచెలుగా’లో మాత్రం దాచుకున్నాం. హిందుస్తానీలో టప్పా అంటే ఒక మజిలీ దూరం. టపాను దానితోనే ముడిపెడతారు. ఇంగ్లీషు పోస్టు కూడా దారి పొడవునా నిలిపిన మజిలీల నుంచి వచ్చిందే.

వాడుకలో తపాలా సంస్థకు స్థిరపడింది: తపాలా శాఖ, తపాలా బిళ్ల. దీన్ని సంస్కృత పదంతో కలిపి ‘తపాలాధికారి’ అని సంధి చేయకూడదు, ఇది అన్యదేశ్యం, అంటే పరభాష నుంచి వచ్చిన మాట. ‘తపాలా అధికారి’ అని విడిగా రాయాలి. వచ్చే సరుకుకు టపా: ‘ఇవాళ్టి టపాలో వచ్చింది’, ‘తిరుగు టపాలో రాయండి’. బ్లాగుల్లో రాసేదాన్ని కూడా టపా అనడం చక్కని ఎంపిక, ‘పోస్టు’కున్న ఉద్యోగమనే అర్థం దీనికి అంటదు. ఒక్క జాగ్రత్త: ‘టపా కట్టాడు’ అంటే జనం నోట చనిపోయాడని, కాబట్టి సంచి సంగతి చెప్పాలంటే ‘టపా సంచి కట్టారు’ అని పూర్తిగా రాయాలి.

పోస్టుకార్డును ‘కార్డు ముక్క’ అనడం కూడా నిక్షేపంలాంటి తెలుగే. 1879లో అది మన దేశానికి వచ్చినప్పుడు వెల పావు అణా, అంటే కాణీ. ఉన్న చోటు కాస్తే, అందులో పట్టేవి నాలుగు ముక్కలే.

మీ అమ్మాయి వాక్యం ఇలా ఉండాలి: ‘నీ ఉత్తరం అందింది. ప్రత్యుత్తరం రాయడం ఆలస్యమైంది.’