క్యాష్ తమిళ మాటా, ఫ్రెంచి మాటా?

చెన్నైలో చదువుతున్న మీ పాప ‘క్యాష్’ అనే మాట తమిళ ‘కాసు’ నుంచి వచ్చిందని ప్రాజెక్టులో రాస్తే, టీచరు అది ఫ్రెంచి మాట అంటూ కొట్టేశారన్నారు. టెన్షన్ పడకండి, ఇంగ్లీషులో క్యాష్‌లు రెండున్నాయండీ.

నగదు అనే అర్థంలో వాడేది లాటిన్ ‘కాప్సా’ నుంచి ఇటాలియన్, ఫ్రెంచి మీదుగా వచ్చింది. మొదట డబ్బు పెట్టె, తర్వాత అందులోని డబ్బు. ఇక్కడ టీచరుగారిదే రైటు.

రెండోది చిన్న రాగి నాణెం పేరు. ఇది అచ్చంగా మన కాసే! పోర్చుగీసువాళ్ల నోట ‘కైషా’ అయి ఇంగ్లీషులో చేరింది. వాళ్ల భాషలో పెట్టెనీ కైషా అనే అంటారు, అందుకే ఇంత గందరగోళం. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ లెక్క ప్రకారం 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక పగోడా, అంటే మన వరహా. కంపెనీ 1808లో వేసిన రాగి నాణెం మీద ఇంగ్లీషులో ‘XX CASH’, అంటే 20 క్యాష్ అనే ఉంటుంది. చైనా చిల్లుకాసుల్నీ ఇంగ్లీషువాళ్లు ఈ పేరుతోనే పిలిచారు.

పాపని ఆ పేరా కొట్టేయనివ్వకండి. ‘నాణెం అనే అర్థంలో’ అని ఒక్క ముక్క చేర్చి, ఆ నాణెం బొమ్మ పక్కన అంటించమనండి.