స్కిబిడి, డెలూలు నిఘంటువుకెక్కితే ఇంగ్లీషు పాడైనట్టేనా?

కేంబ్రిడ్జి నిఘంటువు 2025లో అంతర్జాలంలో కుర్రకారు వాడే స్కిబిడి (‘భలే’ అనీ, ‘చెత్త’ అనీ, ఒక్కోసారి ఏ అర్థమూ లేకుండా సరదాకీ అనే మాట), డెలూలు (నిజం కానిదాన్ని కోరి నమ్మే మనిషిని అనే మాట) వంటి వాటిని చేర్చుకుంది కాబట్టి, రేపు పిల్లలు వాటిని పరీక్షలో రాస్తే తప్పు అనలేమేమో అని మీ సందేహం. నిస్సందేహంగా తప్పు అనవచ్చు. డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు బోధిస్తున్నాను కనుక ఈ వాదన నాకు తరగతిలో తరచూ ఎదురవుతుంది.

నిఘంటుకారులు మాటలకు యోగ్యతాపత్రాలు ఇవ్వరు, జనం నోటా రాతలోనూ ఉన్నదాన్ని నమోదు చేస్తారు. జేమ్స్ మర్రే ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువుకు సంపాదకుడిగా ఉన్న రోజుల్లో పాఠకులు తాము చదివిన పుస్తకాల్లోని వాక్యాలను చీటీల మీద రాసి పంపేవారు. అలా 1884లో మొదలైన ప్రచురణ 1928కి గానీ పూర్తి కాలేదు. ఇప్పుడు పత్రికల నుంచీ అంతర్జాలం నుంచీ సేకరించిన కోట్లాది పదాలను కంప్యూటర్‌లో గాలిస్తారు. అయినా అడిగే ప్రశ్న పాతదే: ఈ మాటను ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరంలో వాడారు? ఒక్క గుంపులో కొన్నాళ్లు తిరిగి మాయమయ్యే మాటకు ఆ పరీక్షలో నెగ్గడం కష్టం. సెల్ఫీనే చూడండి. 2002లో ఒక ఆస్ట్రేలియన్ వెబ్‌సైటులో కనిపించిన ఆ మాట ఆక్స్‌ఫర్డ్ వారి ‘ఈ ఏటి మాట’ కావడానికి 2013 వరకు ఆగాల్సి వచ్చింది.

నేను ఏటా విద్యార్థులకు ఒక పని అప్పగిస్తాను. తమకు బొత్తిగా కొత్తదనిపించే మాటను ఎంచుకుని, ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువులో దాని మొదటి ఉదాహరణ ఏనాటిదో చూసి రావాలి. ఓఎంజీ (ఓ మై గాడ్) అనే సంక్షిప్తం తీసుకున్నవారి ముఖాలు చూడాలి! ఫోను సందేశాల్లో పుట్టిందనుకున్న ఆ మూడక్షరాలు 1917లో నౌకాదళాధికారి జాన్ ఫిషర్ చర్చిల్‌కు రాసిన ఉత్తరంలో ఉన్నాయి. వ్యాకరణ పాఠాలకు రాని ఉత్సాహం ఆ రోజు తరగతికి వస్తుంది. నాకు ఎంతో ఇష్టమైన రోజు అది.

మన పందికొక్కు కూడా ఇలాగే బాండికూట్‌గా ఇంగ్లీషులో స్థిరపడింది. తరువాత ఆస్ట్రేలియాలోని వేరే జంతువుకూ ఆ పేరే పెట్టారు. అప్పటి ఇంగ్లీషు పండితులు తలుపు మూసి ఉంటే మన మాటకు ఆ ప్రయాణమే ఉండేది కాదు. అందుకే కొత్త మాటల మీద కోపం నాకు అర్థం కాదు.

ఇక పరీక్షల సంగతి. నిఘంటువులో ఇలాంటి మాటల పక్కన స్లాంగ్ అనో, అనధికారికం అనో గుర్తు ఉంటుంది. చాలామంది అర్థం చూసి పుస్తకం మూసేస్తారు, ఆ గుర్తు చదవరు. మీ పిల్లలకు ముందుగా అది చదవడం అలవాటు చేయండి. స్నేహితుడికి పంపే సందేశంలో డెలూలు చక్కగా ఇముడుతుంది. ప్రధానోపాధ్యాయుడికి రాసే సెలవు చీటీలో ఇమడదు. ఈ తేడా తెలిసిన పిల్లవాడు ఎన్ని కొత్త మాటలు నేర్చుకున్నా భయపడాల్సిన పని లేదు.